రేగడి ఆరాకే కొండవీడు: గ్రావెల్ సైకిల్ మీద నా అనుభవం

గుంటూరు వైపు గ్రావెల్ అంటే టిప్పర్‌లో తోలించుకునే ఎర్రమట్టి. ఇంటి పునాది నింపడానికీ, పొలానికి దారి వేసుకోవడానికీ వాడతారు. సైకిళ్లవాళ్లు గ్రావెల్ బైక్ అనేది కిందికి వంచిన హ్యాండిల్, లావు టైర్లు, డిస్క్ బ్రేకులు ఉండే సైకిల్‌ని. కొండవీడు కొండల కింద ఈ రెండూ కలుస్తాయన్న ఆశతో 2025 అక్టోబర్‌లో పని మొదలుపెట్టాను. ఊళ్లకీ కొండకీ మధ్య ఉన్న నల్లరేగడిని లెక్కలో వేసుకోలేదు. అనుకున్న చుట్టు పూర్తయ్యేసరికి 11 వారాలు, 3 ప్రయత్నాలు, 13,120 రూపాయలు అయ్యాయి. చలికాలంలో అటు వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దారి ఇది. లాడ్జి సెంటర్ నుంచి పేరేచర్ల, ఫిరంగిపురం దాకా తారు రోడ్డు. అక్కడ ఎడమకు తిరిగి అమీనాబాద్ మీదుగా కొండల కిందికి. తర్వాత పొలాల మధ్య డొంకలు పట్టుకుని కొండవీడు. కోటకి ఘాట్ రోడ్డెక్కి, దిగి, చెంగిజ్‌ఖాన్‌పేట మీదుగా బోయపాలెం. అక్కణ్ణుంచి 16వ నంబరు జాతీయ రహదారి పక్కన సర్వీసు రోడ్డు ఎంతవరకు ఉంటే అంతవరకు దాని మీద గుంటూరు. నా సైకిల్ కంప్యూటర్‌లో 76 కి.మీ. వచ్చింది. అందులో మట్టిదారి 24. తక్కువే అనిపిస్తుంది గానీ కష్టమంతా ఆ 24 దగ్గరే.

ముందు టైర్లు. సైకిల్‌తో వచ్చినవి 32 ఎంఎం. తారు మీద హాయిగా పోతాయి, కంకర మీద పది కిలోమీటర్లకే చేతులు తిమ్మిరెక్కుతాయి. అక్టోబర్ 18న 40 ఎంఎం ట్యూబ్‌లెస్ టైర్లు రెండు ఆర్డర్ పెట్టాను, ఒక్కోటి 3,400. మధ్యలో దీపావళి సెలవులు పడి 25న చేతికొచ్చాయి. కొనేముందు ఫ్రేము వెనక కాళ్ల మధ్య ఖాళీ కొలుచుకోవాలి. నా దాంట్లో 40 ఎంఎం టైరు వేశాక అటూ ఇటూ 6 ఎంఎం చొప్పున మిగిలింది. పొడినేల మీద అది బోలెడు. తడి రేగడికి అది ఏ మూలకీ రాదని తర్వాత తెలిసింది.

రిమ్ము లోపలి వెడల్పు 23 ఎంఎం, కాబట్టి రిమ్ములో పుల్లల రంధ్రాలు మూసే టేపు 25 తీసుకున్నాను. టేపు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువుంటేనే అంచుల మీదకి ఎక్కి కూర్చుంటుంది. రిమ్మును స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, వాల్వ్ రంధ్రానికి ఎదురువైపు నుంచి మొదలుపెట్టి గట్టిగా లాగుతూ రెండు చుట్లు వేశాను. లాగడంలో ఏమాత్రం బద్ధకించినా కింద గాలి బుడగలు నిలుస్తాయి, గాలి అక్కణ్ణుంచే పోతుంది. వాల్వ్ కోసం టేపుకి రంధ్రం చెయ్యడానికి చాకు వాడకండి, కోత రోజురోజుకీ సాగుతుంది. సూది కాల్చి గుచ్చితే అంచు కరిగి గట్టిపడుతుంది.

ఇంట్లో కాలిపంపుతో ఎంత కొట్టినా టైరు అంచు రిమ్ము గాడిలోకి ఎక్కలేదు. గాలి ఒక్కసారిగా, భారీగా వెళ్లాలి. చక్రాలు రెండూ పట్టుకుని పంచర్ షాపుకి వెళ్లాను.

“ట్యూబు ఏదన్నా?”

“లేదన్నా, ట్యూబ్‌లెస్. బైకులకి ఉంటదిగా, అదే.”

“సైకిలుకి కూడానా!” అని ఆయనే ముచ్చటపడి సబ్బునీళ్లు తెచ్చి అంచుల చుట్టూ పూశాడు. సైకిల్ వాల్వ్ సన్నం, కంప్రెసర్ మూతి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ కావాలి, నా దగ్గర అంతకుముందే ఉంది.  రెండుసార్లు టప్ టప్‌మన్నది. అంచు కూర్చుందనడానికి ఆ చప్పుడే గుర్తు. షాపు గేజీని నమ్మొద్దు. అది గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ చూపించినప్పుడు నా గేజీ 52 చూపించింది. టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటనివ్వకుండా దగ్గరుండి చూసుకోవాలి. పనికి 100 తీసుకున్నాడు.

తర్వాత సీలెంటు. చూడ్డానికి చిక్కటి పాలలా ఉంటుంది. చిన్న చిల్లు పడితే గాలితోపాటు అక్కడికి వచ్చి గడ్డకట్టి మూసేస్తుంది. 250 మి.లీ. సీసా 950. నేను టైరుకి 60 మి.లీ. చొప్పున పోశాను. అది తప్పు. కొత్త టైరు లోపలి గుడ్డ మొదట్లో కొంత తాగేస్తుంది. ఈ సైజుకి 90 పోయాల్సింది. ఈ తప్పు డిసెంబర్‌లో బయటపడింది.

ఇవన్నీ అయిన రెండ్రోజులకి, అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. మా వైపు వానలు దంచికొట్టాయి. పన్నెండు రోజులు ఆగి, చాలన్న ధీమాతో నవంబర్ 9 ఆదివారం తెల్లవారుజామున 5:20కి బయల్దేరాను. పేరేచర్ల దాటాక తెల్లవారింది. ఫిరంగిపురం దాకా రోడ్డంతా పొడి, చేల గట్లూ పొడిగానే కనిపించాయి. అమీనాబాద్ దాటి డొంకలో దిగాను. మొదటి 200 మీటర్లు ఎర్ర గ్రావెల్, చక్కగా అణిగి ఉంది. తర్వాత నేల రంగు మారింది. నలుపు, పైన సన్నటి బూడిదరంగు పొర.

ఆ పొర పూరీ పైపొరలాంటిది. టైరు దిగగానే చిట్లింది, లోపల ముద్ద. 30 మీటర్లు పోయేసరికి టైరు చుట్టూ మట్టి అట్టలు కట్టింది, ఆ మట్టికి పోయినేడు పత్తికట్టె ముక్కలూ గడ్డీ అంటుకున్నాయి. వెనక చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఉన్న 6 ఎంఎం ఖాళీ పూడిపోయి చక్రం బిగుసుకుంది. ఇక్కడ ఏం చెయ్యాలో తెలిసినవాళ్లయితే వెంటనే దిగి, సైకిల్ భుజాన వేసుకుని వెనక్కి నడుస్తారు. నేను చిన్న గేరు వేసి బలంగా ఒక్క తొక్కు తొక్కాను. టక్‌మని చప్పుడు. గేర్లు మార్చే వెనక డీరెయిలర్ పైకి లేచి చక్రం పుల్లల్లోకి ఒరిగింది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది.

హ్యాంగర్ బొటనవేలంత అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు తాను విరగాలని కావాలనే మెత్తగా చేస్తారు. తన పని తాను చేసింది. చైను మట్టితో, గడ్డితో మందమై డీరెయిలర్ చిన్న చక్రాల మధ్య ఇరుక్కుంటుంది. పెడల్ తొక్కితే చైను ముందుకు లాగుతుంది, డీరెయిలర్ దాంతోపాటు తిరగబడుతుంది. వెనక్కి ఒక్క అంగుళం పెడల్ తిప్పి ఆగి ఉంటే విరిగేది కాదు. రేగడిలో బిగుసుకున్న సైకిల్ మీద ముందుకు తొక్కడం ఒక్కటి మానుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

పక్క చేలో పత్తి తీయించుకుంటున్న పెద్దాయన గట్టు మీదకొచ్చారు.

“పైన ఆరినట్టు కనపడుద్దయ్యా, లోపల పదును అట్టనే ఉంది. అరకే దిగట్లేదు, నీ సైకిలేం దిగుద్ది?”

“ఎప్పటికి ఆరుతుంది బాబాయ్?”

“ఎండలు ఇట్టనే కాస్తే ఇంకో మూడు వారాలు. నెర్రెలిచ్చిందాకా రామాక.”

ఆయన వంగి గట్టు పక్కన జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, పిడికిట్లో నొక్కి, తెరిచి చూపించారు. వేళ్ల గుర్తులతో సహా ఉండ అట్టాగే నిలబడింది. బొటనవేలితో మీటితే వంగిందిగానీ పగల్లేదు. “ఇది పగిలి పొడైన రోజున రా” అన్నారు. ఆ తర్వాత ప్రతిసారీ డొంకలో దిగేముందు ఇదే పరీక్ష చేస్తున్నాను. పైపైన మట్టి చూస్తే ఏం తెలియదు, జానెడు లోతుది చూడాలి. ఉండ నిలబడితే తారు రోడ్డే దిక్కు. మీటగానే రెండు మూడు పెళ్లలుగా పగిలితే జాగ్రత్తగా పోవచ్చు. రాలిపోతే నిశ్చింత.

చైను కత్తిరించి ఒకే గేరు మీద ఇంటికి చేరే ఉపాయం ఉంది. దానికి చైను విరిచే పనిముట్టు, దాన్ని మళ్లీ కలిపే క్విక్ లింకు కావాలి. రెండూ ఇంట్లో ఉన్నాయి. ఫిరంగిపురం దాకా తోసుకుంటూ వచ్చి ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను, 700. ఇప్పుడా రెండూ సీటు కింద సంచీలో ఉంటాయి, కలిపి 200 గ్రాములు లేవు.

ఇంటికొచ్చాక మరో మాట. రేగడి ఆరితే ఇటుక. ఆ రోజే కడిగెయ్యాలి. బైకు వాటర్ సర్వీసింగ్ గన్‌తో మాత్రం వద్దు. ఆ ఒత్తిడికి బురదనీళ్లు హబ్బుల్లోకీ పెడళ్ల ఇరుసులోకీ దూరి, నెలకల్లా బేరింగులు గరగరమంటాయి. తోట పైపు, పాత బ్రష్షు చాలు. ముందు వెదురు పుల్లతో పెళ్లలు ఊడగొట్టి తర్వాత నీళ్లు పోస్తే అరగంట పని.

హ్యాంగర్ నవంబర్ 10న ఆర్డర్ పెట్టాను. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి, ఏ ఫ్రేముది ఆ ఫ్రేముకే పడుతుంది. అమ్మినవాళ్లు సైకిల్ పేరడిగి పంపించారు, 17న వచ్చింది, మర రంధ్రం 2 ఎంఎం పక్కకుంది. అదే సైకిల్ ఏడాది మారితే హ్యాంగర్ మారిందట. తిప్పి పంపి, ఈసారి విరిగిన ముక్క పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపాను. 27న సరైనది వచ్చింది. ఒకటి 750, రెండు తీసుకున్నాను, కొరియర్ 120. మొత్తం 17 రోజులు సైకిల్ గోడకానుకునే ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రెండు ఆదివారాలు అలా పోవడం చాలా బాధేసింది. మీ సైకిల్ కొన్నరోజే రెండో హ్యాంగర్ కొని పెట్టుకోండి.

ఈ ఖాళీలో అటవీ శాఖ సంగతి తేల్చుకున్నాను. కొండల్లో చాలా భాగం రిజర్వు ఫారెస్టు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం అనుమతి లేకుండా అందులో తిరగడం నేరం. ఉపగ్రహ పటంలో ఘాట్ రోడ్డు నుంచి చీలి పోయే బాటలు ఎర్రగా ఊరిస్తుంటాయి. నవంబర్ 12న కాగితం రాసిచ్చాను, దారి గీసిన పటం జతపెట్టాను. రెండుసార్లు ఫోను చేశాక 21న జవాబొచ్చింది. ఘాట్ రోడ్డు మీద పొమ్మన్నారు. పక్క బాటల్లో చక్రం పెట్టొద్దన్నారు, చీకటి పడేలోపు దిగిపొమ్మన్నారు. కొంచెం నిరుత్సాహపడ్డాను గానీ ఆ మాట సబబే. వాన నీళ్లు దిగే వాలు బాటల్లో టైరు గాడి పడితే మరుసటి వానకి అదే వాగవుతుంది. కింద పొలాల డొంకలకి ఈ అడ్డు లేదు, అవి ఊరందరి దారులు. అరక అడ్డం వస్తే ఆగి దారివ్వడం మన పని.

డిసెంబర్ 14 ఆదివారం రెండోసారి. అమీనాబాద్ దాటాక మట్టి తీసి నొక్కాను. ఉండ రెండుగా పగిలింది. డొంక మీద నెర్రెలు వేలు పట్టేంత వెడల్పున ఉన్నాయి. ఆ నెర్రెలు దారికి అడ్డంగా ఉంటే ఫరవాలేదు. నిలువుగా ఉన్నచోట ముందు చక్రం అందులో పడకుండా చూపు పది మీటర్ల ముందుండాలి. ఎండిన రేగడి సిమెంటు రోడ్డంత గట్టిగా ఉంది, అరక చాళ్ల మీదుగా పోతుంటే ఒళ్లంతా కదిలిపోయింది. ముందు టైరు 34, వెనక 38 పీఎస్ఐ పెట్టుకుని వెళ్లాను. ఆగి ముందు 29కి, వెనక 33కి దించాక సైకిల్ నేలను పట్టుకుంది. నా బరువు 72 కిలోలు. మీరు పది కిలోలు ఎక్కువుంటే మూడు పీఎస్ఐ ఎక్కువ పెట్టుకోండి. ఇంతకన్నా దించితే రాయి తగిలినప్పుడు రిమ్ము నేలకి కొట్టుకున్న చప్పుడు వస్తుంది, అది వినపడకూడదు.

అప్పుడు పల్లేరు కాయలు తగులుకున్నాయి. నవంబర్‌కల్లా ఆ తీగ ఎండిపోయి, కాయలు డొంక అంచుల్లో, ముఖ్యంగా పశువులు నిలబడే కళ్లాల దగ్గర, రాలి ఉంటాయి. ఎటు పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. చక్రం రెండు చుట్లు తిరిగేసరికి టైరు నిండా గుచ్చుకుంటాయి. ట్యూబ్‌లెస్ పెట్టుకున్నది వీటికోసమే. ముందు టైరులో పీకిన ప్రతిచోటా తెల్లగా చుక్క పైకొచ్చి ఆరిపోయింది. వెనక టైరు మాత్రం బుసకొడుతూనే ఉంది. చిల్లు కిందికి వచ్చేలా తిప్పి పట్టుకున్నా ఆగలేదు. వాల్వ్ విప్పి పుల్ల పెట్టి చూస్తే లోపల పాలు లేవు, రబ్బరు చెత్త మాత్రం ఉంది. ఏడు వారాల కిందట పోసిన 60లో కొంత కొత్త టైరు తాగింది, మిగతాది ఆరింది.

రబ్బరు పురి కూరి మూద్దామంటే చిల్లు సన్నం, సీలెంటు లేకుండా పల్లేరు చిల్లులకి పురి నిలవదు. ట్యూబు వేశాను. పది నిమిషాలకి అదీ పోయింది. ఈసారి టైరు లోపల గుడ్డతో తడిమాను. వేలు పెట్టకండి, గుడ్డయితే ముల్లు మొదలుకి పట్టుకుంటుంది. సర్కారు తుమ్మ ముల్లు ఒకటి బయట విరిగిపోయి, లోపల మూడు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. సీలెంటు ఉన్నన్నాళ్లూ అది తనే బిరడాలాగా ఉండిపోయింది. ట్యూబు వేయగానే సూదయింది. ట్యూబు వేసేముందు ప్రతి ముల్లూ తీయాలి, బయట కనపడనివి కూడా. చిన్న పట్టకారు ఉంటే సుళువు. అతుకు వేసి, చేతిపంపుతో రెండొందల పోట్ల పైన కొట్టి లేచేసరికి గంటంబావు గడిచింది.

ఘాట్ మొదటికి 10:40కి చేరాను. అప్పటికే ఎండెక్కింది, మూడు లీటర్లలో ఒక్క లీటరు మిగిలింది. ఎక్కకుండా బోయపాలెం మీదుగా వెనక్కి వచ్చేశాను. కోట గోడ పైన కనపడుతుంటే వెనక్కి తిరగడం కష్టంగానే ఉంది. ఆ మర్నాడు సీసాలో మిగిలిన పాలు చెరో 45 పోశాను. ఇప్పుడు క్యాలెండర్‌లో ఆరు వారాలకొకసారి గుర్తు పెట్టుకున్నాను. మన ఎండల్లో సీసా మీద రాసిన నెలల లెక్క నడవదు. రబ్బరు పురుల కిట్టు 600 పెట్టి కొన్నాను, టైరు పక్కగోడ కోతపడితే అదే దిక్కు.

జనవరి 4 ఆదివారం, 5:15. పొగమంచు. ఫిరంగిపురం రోడ్డు మీద కంకర టిప్పర్లు ఆ వేళప్పుడే మొదలవుతాయి, కాబట్టి వెనక ఎర్రలైటు రెండు పెట్టుకున్నాను, ఒకటి హెల్మెట్‌కి. మంచు చుక్కలు కళ్లజోడు మీద నిలిచి ఏం కనపడదు. తీసేసి నెమ్మదిగా పోయాను. 6:50కి డొంకలో దిగాను. పిడికిట్లో మట్టి పొడైంది.

ఆ ఉదయం చేలు చూడాలి. మిరప చేలల్లో కింది కాయ ఎర్రబారుతోంది, పై కొమ్మలు ఇంకా పచ్చగా ఉన్నాయి. పత్తి రెండో తీతకి కూలీలు ట్రాక్టర్ల మీద వస్తున్నారు. కొండ దగ్గరయ్యేకొద్దీ నలుపు పోయి, నేల మొదట ఇటుక రంగుకీ, తర్వాత పూర్తి ఎరుపుకీ మారుతుంది. ఆ మార్పు జరిగే అరకిలోమీటరులో జాగ్రత్త. ఎర్ర గ్రావెల్ మీద టిప్పర్లు, ట్రాక్టర్లు తిరిగి తిరిగి అడ్డంగా అలలు పడతాయి. నెమ్మదిగా పోతే ప్రతి అలా ఒక దెబ్బ. గంటకి 20 దాటితే పై అంచుల మీదే తేలుతూ పోవచ్చు గానీ బ్రేకు పట్టదు. దారి అంచున జానెడు వెడల్పు మెత్తటి పట్టీ ఉంటుంది, నేను దాని మీదే పోయాను. మలుపుల్లో ఉండలు ఉండలుగా గులకరాళ్లు పేరుకుంటాయి. మలుపు రాకముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు జోలికి పోకుండా, బయటివైపు పెడల్ కిందికి నొక్కి తిరిగితే చక్రం జారదు.

ఊరి మొదట్లో కుక్కలు. వేగంగా పోతే వెంటపడతాయి. దిగి, సైకిల్‌ని మనకీ వాటికీ మధ్య పెట్టుకుని నడిస్తే వదిలేస్తాయి. రెండు నిమిషాలే పోయేది.

ఘాట్ కింద 8:05. టీ, రెండు అరటిపళ్లు, నీళ్లు నింపుకోవడం. పైన నీటికి భరోసా లేదనుకుని ఇక్కడే మూడు లీటర్లూ నింపండి. మిగిలిన అరటిపళ్లు జెర్సీ వెనక జేబులో పెట్టొద్దు, కోతులు చూస్తాయి. సంచీలో, లోపల.

ఘాట్ దాదాపు 5 కి.మీ. తారు రోడ్డు. సగటు వాలు 5 శాతం దగ్గర, మలుపుల లోపలి అంచుల్లో దానికి రెట్టింపు. నా సైకిల్‌కి పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి 40 పళ్లు, వెనక పెద్దదానికి 42. అంటే పెడల్ ఒక్క చుట్టుకి సైకిల్ దాదాపు 2.1 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. మోకాళ్లు అడిగేది ఆ 60నే. మొదటి కిలోమీటరు తేలిగ్గా ఉందని పెద్ద గేరులో 45, 50 చుట్లతో పోతే మూడో కిలోమీటరులో తొడలు పట్టేస్తాయి. మలుపుల్లో బయటి అంచు పట్టుకుంటే వాలు తగ్గుతుంది, కాకపోతే దిగే బండ్ల హారను వింటూ ఉండాలి. టైర్లు 29, 33 మీదే ఉంచాను. తారు మీద కాస్త బరువనిపించింది, ఘాట్ కోసం ఆగి గాలి కొట్టుకునేంత తేడా లేదు. మధ్యలో రెండుసార్లు ఆగి, నీళ్లు తాగి, పైకి చేరేసరికి 48 నిమిషాలు.

పైన సైకిల్ గేటు దగ్గరే తాళం వేసి నడిచాను. రెడ్డిరాజుల కాలపు బురుజులూ గోడలూ కాలినడకన చూడాల్సినవే, సైకిల్ బూటు అడుగున ఉండే ఇనుప క్లీటు ఆ రాళ్ల మీద జారుతుంది. మామూలు చెప్పులు ఒక జత సంచీలో వేసుకోండి. ముత్యాలమ్మ చెరువు గట్టు మీద నిలబడి చూస్తే పొద్దున వచ్చిన డొంక మొత్తం కనపడింది, నల్లగా మొదలై ఎర్రగా కొండలో కలిసే గీత. నవంబర్‌లో విరిగినచోటు ఎక్కడో పోల్చుకోవాలని చూశాను. పైనుంచి అదీ మిగతా నేలా ఒక్కలాగే ఉన్నాయి. అక్కడ చాలాసేపు కూర్చున్నాను. మూడు నెలల విసుగంతా ఆ గాలికి పోయింది.

దిగడంలో తొందర వద్దు. బ్రేకు లాగిపెట్టి ఉంచితే డిస్కు కాలి, ప్యాడు పైపొర గాజులా నునుపెక్కి, బ్రేకు కీచుమంటుందే గానీ పట్టదు. మలుపు ముందు రెండు బ్రేకులూ గట్టిగా, మలుపు దాటాక పూర్తిగా వదిలెయ్యాలి, డిస్కుకి గాలి తగలాలి. నావి తీగ బ్రేకులు. ప్యాడు అరిగేకొద్దీ లివరు హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. మూడో కిలోమీటరు దగ్గర ఆగి, ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్ మీది మర రెండు క్లిక్కులు తిప్పుకున్నాను. దుమ్ము దారుల్లో మెత్తటి ప్యాడు త్వరగా అరుగుతుంది. ఇంటికొచ్చి చూస్తే వెనకవి అరిగి రేకు కనపడే దశలో ఉన్నాయి, రెండు జతలు 800.

చెంగిజ్‌ఖాన్‌పేట వైపు దారి తారే. వెన్నముద్దల బాలకృష్ణుడి గుడి దగ్గర కొబ్బరిబొండం తాగి, చేతిపంపుతో టైర్లు 45కి ఎక్కించాను. బోయపాలెం నుంచి గుంటూరు దాకా హైవే పక్కన గాలి ఎదురైంది. సర్వీసు రోడ్డు తెగిన చోట్ల ఆరు వరసల రోడ్డు అంచున తెల్లగీతకి అవతల పోవాలి, అక్కడ పగిలిన లారీ టైర్ల ఉక్కుతీగ ముక్కలుంటాయి. పల్లేరు కన్నా వాటితోనే భయం. అవి సన్నగా దూరి నెమ్మదిగా కోస్తాయి. ఆ భాగం నాకు నచ్చలేదు. ఏటుకూరు వైపు పొలం దారులు చూసి, వచ్చేసారి దాన్ని తప్పించాలి.

ఇంటికి 12:40. కడగడానికి ముందు టైర్లు తిప్పుతూ ముళ్లు లెక్కపెట్టాను. ముందు 11, వెనక 19. ఒక్కొక్కటి పీకి, చిల్లు కిందికి తిప్పి, పాలు పట్టేదాకా ఆగి, ఇంకోటి. గాలి రెండు టైర్లకీ 40కి సరిచేసి పడుకున్నాను. పొద్దున్నే గేజీ పెట్టి చూస్తే ముందు 39, వెనక 37.